పాప నుదుటి మీద పెద్ద పుట్టుమచ్చ, బెలూన్ పెట్టి తీస్తామంటున్నారు. చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గుణుపురం కోడలు:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పాపకి వచ్చే నెల రెండేళ్లు నిండుతాయి. ఎడమ కనుబొమ్మ పైనుంచి జుట్టు మొదలయ్యే దాకా నల్లటి పుట్టుమచ్చ ఉంది. పుట్టినప్పుడు 4 సెం.మీ. అని డిశ్చార్జి కాగితంలో రాశారు. పాపతో పాటు అదీ పెరుగుతోంది, మీద వెంట్రుకలు కూడా మొలిచాయి. వీపు మీద ఇంకో రెండు చిన్నవి ఉన్నాయి.

బరంపురంలో చర్మం డాక్టరు ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించమన్నారు. విశాఖ వెళ్లాం. మచ్చ పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ బెలూన్ పెట్టి, వారం వారం అందులోకి సెలైన్ ఎక్కిస్తారట. చర్మం సాగాక రెండో ఆపరేషన్‌లో మచ్చ కోసేసి, సాగిన చర్మంతో కప్పుతారట. విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఇంట్లో తలా ఒక మాట. నేను గ్రహణం రోజు వంకాయలు తరిగానని అత్తగారు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఆడపిల్ల ముఖం మీద కత్తి పెట్టిస్తామా అంటారు మా ఆయన. పార్వతీపురం నుంచి మా అమ్మేమో ఆడపిల్ల కాబట్టే బేగి తీయించేయమంటుంది. పక్కింటావిడ మజ్జిగౌరమ్మకి మొక్కుకోమంది, మొక్కుకున్నాను కూడా.

ఇది క్యాన్సర్ అవుతుందా? అంత చిన్నపిల్లకి రెండుసార్లు మత్తు ఇవ్వచ్చా? బెలూన్ పెట్టుకుని నెలల తరబడి పిల్ల ఎలా ఉంటుంది? మన ఒడిశా ఆరోగ్య కార్డు విశాఖలో చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు బాబాయ్:

ఆపరేషన్లు అవీ ఎందుకమ్మా. సున్నం, చాకలి సోడా కలిపి పుల్లతో కొంచెం కొంచెం పెట్టండి. నా మెడ మీద మచ్చ అలాగే రాలిపోయింది. నయాపైసా ఖర్చు లేదు.

కోరాపుట్ సిస్టర్:

బాబాయ్ గారూ, కోపం తెచ్చుకోకండి. మీకు రాలింది ఏ పులిపిరో అయ్యుంటుంది. సున్నం, సోడా చేసేది చర్మాన్ని కాల్చడమే. జీడి రసం పెట్టించుకుని చెంప పుండైపోయి వచ్చిన పిల్లల్ని నేను వార్డులో చూశాను. కంటి దగ్గర ఆ మాటే వద్దు. పైపొర కాలిపోయినా మచ్చ కణాలు అడుగున ఉండిపోతాయి, రేపు డాక్టరు చూద్దామన్నా మచ్చ అసలు రూపం తెలీదు.

అక్కా, మీ పాపది కంజెనిటల్ మెలనోసైటిక్ నీవస్, అంటే పుట్టుకతో వచ్చిన నల్ల మచ్చ అని రాసి ఉంటారు, కాగితం చూసుకోండి. తల, ముఖం మీదవి పుట్టినప్పటి సైజుకి పెద్దయ్యేసరికి సుమారు 1.7 రెట్లు అవుతాయి. అంటే పాపకి 7 సెం.మీ. దగ్గర. 1.5 నుంచి 20 సెం.మీ. దాకా మధ్యరకం కిందే లెక్క. ఆ రకంలో క్యాన్సర్ వచ్చే అవకాశం జీవితం మొత్తానికి 1 శాతం లోపే అంటారు. 20 దాటినవి, వీపంతా పరుచుకున్నవి, చుట్టూ బోలెడు పిల్ల మచ్చలున్నవి, వాటి సంగతి వేరు. వాటికి మెదడు, వెన్ను ఎంఆర్ఐ కూడా తీయిస్తారు. వీపు మీది రెండూ డాక్టరుకి చూపించారా? చూపించకపోతే ఈసారి గౌను విప్పి చూపించండి.

కాబట్టి క్యాన్సర్ భయంతో రేపే పరిగెత్తక్కర్లేదు. మచ్చలో గడ్డ లేచినా, రక్తం కారినా, పుండు పడినా, ఒక పక్క రంగు గబగబా మారినా మాత్రం ఆగకూడదు.

మత్తు విషయం. మూడేళ్లలోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు, లేదా మళ్లీమళ్లీ మత్తు అవసరాన్ని తూచి ఇవ్వాలని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఒక్కసారి తక్కువ సేపు ఇచ్చే మత్తుకి అంత భయం లేదు. మీ పాపకి తొందర లేదు కాబట్టి మూడు దాటాక మొదలుపెట్టచ్చా అని సర్జన్‌ని, మత్తు డాక్టరుని ఇద్దరినీ అడగండి. ఆలస్యమైతే చర్మం బిగుస్తుందనో, బెలూన్‌తో ఆడే వయసు వచ్చేస్తుందనో వాళ్లకీ ఓ కారణం ఉండచ్చు, అది వినండి.

ఇంకొకటి, ఇది మన వైపు వాళ్లు మర్చిపోకూడదు. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్ సెల్ ఎక్కువ, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోయినా మత్తు ఇచ్చేముందే పాపకి సికిలింగ్ పరీక్ష చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. విశాఖలో అడగకపోయినా మాది రాయగడ జిల్లా అని మీరే నోరు తెరిచి చెప్పండి. ఆపరేషన్ ముందు వారం జలుబు, దగ్గు వస్తే దాచకండి, వాయిదా వేస్తారు, వేయనివ్వండి. అన్నం, డబ్బా పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలైతే నాలుగు, మంచినీళ్లు రెండు. ఏడుస్తోందని బిస్కెట్ ముక్క పెట్టారో, టేబుల్ మీద వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

వంకాయల గొడవ మీ అత్తగారికి చదివి వినిపించండి. కడుపులో ఉండగా ఒక కణంలో జన్యువు మారడం వల్ల వస్తుంది ఇది. తల్లి చేసిన పనికీ దీనికీ సంబంధం లేదు. గ్రహణం పట్టింపు లేని దేశాల్లోనూ నూటికో బిడ్డ చిన్నదో పెద్దదో పుట్టుమచ్చతోనే పుడుతుంది.

పర్లాకిమిడి టైలర్:

చెల్లెమ్మా, మా చిన్నోడికి కుడి చెవి ముందు నుంచి దవడ దాకా ఉండేది. వాడికి బెలూన్ పెట్టలేదు, విడతలుగా కోశారు. నేను చదివింది ఎనిమిదో తరగతే గానీ డాక్టరు చెప్పింది మాత్రం బాగా తలకెక్కింది, ఎందుకంటే అది మా పనే.

అంతా ఒకేసారి కోసి కుట్టేయచ్చు కదా సార్ అని అడిగాను. గుడ్డ చాలని చోట లాగి కుడితే ఏమవుతుంది? కుట్టు వేసిన చోట బాగానే కనిపిస్తుంది, చంక దగ్గర పట్టేస్తుంది. ముఖమూ అంతే. దవడ మీద కోస్తే పెదవి మూల కిందికి లాగుతుంది. నీ పాపకి నుదుటి మీద లాగి కుడితే కనుబొమ్మ పైకి పోతుంది, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది ముఖం. అందుకని మావాడికి మచ్చ నడిమధ్యలో కొంత తీసి కుట్టారు, చర్మం వదులయ్యేదాకా కొన్ని నెలలు ఆగారు, మళ్లీ కొంత తీశారు. మీకు వెడల్పు ఎక్కువ, పక్కనే కనుబొమ్మ, అందుకే గుడ్డ పెంచడానికి బెలూన్ అంటున్నట్టున్నారు. విడతలుగా కుదరదా అని మాత్రం ఒకసారి అడుగు. కుదిరితే వారం వారం విశాఖ తిరుగుడు తప్పుతుంది.

డాక్టరుని నువ్వు అడగాల్సింది మచ్చ పోతుందా అని కాదు. పోతుంది. దాని బదులు గీత వస్తుంది, ఆ గీత ఎక్కడ పడుతుంది అని అడుగు. మా డాక్టరు చిన్నోణ్ణి నవ్వించి, ఏడిపించి, చెంప మీద మడత ఎటు పడుతోందో చూసి మార్కర్‌తో గీశారు. పై సగం చెవి ముందరి మడతలోకి, కింది సగం దవడ ఎముక అంచుకి. ఇప్పుడు ఎదురుగా నిలబడి చూస్తే సగం గీత కనిపించదు. నుదుటికైతే అడ్డంగా పడే మడతలున్నాయి, జుట్టు అంచు ఉంది, కనుబొమ్మ పై అంచు ఉంది. గీత వీటిలో దేంట్లో దాగుతుందో నీ ఎదురుగా గీసి చూపించమను. చూపించడానికి విసుక్కునే డాక్టరైతే ఇంకో డాక్టరుకి చూపించు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉంది, కటక్ ఎస్‌సీబీ మెడికల్ కాలేజీలో ఉంది. రెండో మాట వినడం తప్పేం కాదు.

కోసిన ముక్కని పరీక్షకి పంపుతున్నారా అని కూడా అడుగు. మాకు ఒకసారి ఫార్మాలిన్ డబ్బా నా చేతికే ఇచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మన్నారు. మీద చీటీ తడిసి ఊడి వస్తోంది, పేరు సగం చెరిగిపోయింది. వెనక్కి తీసుకెళ్లి వేరే చీటీ రాయించాను, సిస్టర్ కసురుకుంది, కసురుకోనీ. ఆ రిపోర్టు లామినేషన్ చేయించి పెట్టాను.

ఇక అసలు కష్టం కుట్ల దురద. మానే కుట్టు తెగ దురద పెడుతుంది, రెండేళ్ల పిల్లకి గోక్కోవద్దంటే అర్థం కాదు. నేను మోచేతి తొడుగులు కుట్టాను. పాత లుంగీ గుడ్డ బయటికి, మెత్తటి బనియన్ గుడ్డ లోపలికి, మధ్యలో నిలువుగా సన్నటి జేబులు. ఒక్కో జేబులో చొక్కాల అట్ట మడిచి పెట్టాను. భుజం కింద నుంచి మణికట్టు పైదాకా వస్తుంది, చెయ్యి వంగదు, ముఖం దాకా పోదు. వేళ్లు ఫ్రీగా ఉంటాయి, బొమ్మలు పట్టుకుంటాడు. నాడాలు వీపు మీద కట్టాలి, లేకపోతే పళ్లతో ఊడదీస్తారు. వార్డులో చూసి ఇంకో ఇద్దరు కుట్టించుకున్నారు.

మావాడు కుట్లు తీసిన కొన్నాళ్లకి కుట్టుమిషన్ ఎక్కి దూకి, టేబుల్ అంచుకి దవడ కొట్టుకున్నాడు. అక్కడ గీత వెడల్పైంది, ఇప్పటికీ అలాగే ఉంది. మిగతాది ఏడాది పాటు ఎర్రగా ఉండి తర్వాత పాలిపోయింది. పుండు పూర్తిగా మానాక సిలికాన్ జెల్ రాసి వేలితో నెమ్మదిగా రుద్దమన్నారు, ఆ పని మా ఆవిడ ఒక్కరోజు మానలేదు.

కార్డు సంగతి. ఒడిశా 2025లో కేంద్రం వాళ్ల ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, కార్డు వేరే రాష్ట్రంలో కూడా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. కానీ అందం కోసం చేసే ఆపరేషన్లకి ఆ పథకంలో డబ్బు రాదు. అందుకని చీటీ మీద జబ్బు పేరు, కంటి దగ్గరుందని, పెరుగుతోందని స్పష్టంగా రాయించు. ఆసుపత్రిలో ఆయుష్మాన్ మిత్ర కౌంటర్ ఉంటుంది, అడ్మిషన్‌కి ముందే అక్కడ అనుమతి వస్తుందో రాదో తేల్చుకో. అడ్మిట్ అయ్యాక అడిగితే బిల్లు చేతికొస్తుంది.

జయపురం అమ్మ:

బెలూన్ మాకు పెట్టారు, మా అమ్మాయికి నుదుటి కుడివైపు. మొదటి ఆపరేషన్ అయ్యాక వెంటనే ఏమీ ఎక్కించలేదు, కుట్టు మానేదాకా ఆగారు. తర్వాత వారానికోసారి చర్మం కింద ఉన్న చిన్న బిళ్లలోకి సన్నటి సూదితో సెలైన్. మత్తు మందు క్రీమ్ గంట ముందు రాసి తీసుకెళ్తే సూదికి పెద్దగా ఏడవలేదు. ఆ రోజు రాత్రి మాత్రం బిగుతుగా ఉండి చిరాకు పడేది, మర్నాటికి మామూలే.

జయపురం నుంచి వారం వారం ఘాట్ రోడ్డులో తిప్పడం నా వల్ల కాలేదు. గాజువాకలో మా చెల్లి ఇంట్లో ఉండిపోయాం. మీకు గుణుపురం పాసింజర్ నేరుగా విశాఖ వెళ్తుంది గానీ, తెలిసినవాళ్లుంటే అక్కడే ఉండండి. దూరం కన్నా భయం ఎక్కువ. ఒకసారి బెలూన్ పైన ఎర్రబడి వేడిగా తగిలింది, ఆటో ఎక్కి అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాం, యాంటీబయాటిక్‌తో తగ్గింది. ముదిరితే బెలూన్ తీసేయాల్సి వచ్చేదన్నారు, అప్పుడు చేసిందంతా వృథా.

చివరి వారాల్లో నుదురు బాగా ఉబ్బింది. బస్సులో జనం చూపులు నేను పట్టించుకోలేదు, పిల్లకి అసలు తెలీదు. దాన్ని ఎక్కువ బాధపెట్టింది సైకిల్ తొక్కనివ్వకపోవడం. అద్దంలో చూసుకుని నవ్వేది. ఏడ్చింది మా అత్తగారే.

రెండో ఆపరేషన్ తర్వాత ఒక అంచున కొంచెం మచ్చ మిగిలింది, కనుబొమ్మ వెంట్రుకలు పోతాయని కావాలనే వదిలారు. దానికి లేజర్ చేయించమని ఒకరిద్దరు అన్నారు. రంగు తగ్గినా లోపలి కణాలు ఉంటాయి, మళ్లీ నల్లబడచ్చు అన్నారు మా సర్జన్. వదిలేశాం.

గుణుపురం కోడలు:

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారి జవాబు అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు, టీ పెట్టుకోడానికి లేచి వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం టైలర్ అన్నయ్య రాసింది రెండుసార్లు చదివారు. గీత ఎక్కడ పడుతుందో గీసి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటానంటున్నారు. సికిలింగ్ పరీక్షకి సోమవారం ఇక్కడి ఆసుపత్రికే వెళ్తున్నాం. వీపు మీది మచ్చలు విశాఖలో చూపించలేదు, ఈసారి చూపిస్తాం.

అన్నయ్యా, ఆ తొడుగులు ఎలా కత్తిరించాలో చెప్తారా? మిషన్ మా ఇంట్లో ఉంది.

కోరాపుట్ సిస్టర్:

తొడుగు లోపల మీ చిటికెన వేలు దూరేంత వదులుండాలి అక్కా. రెండు మూడు గంటలకోసారి విప్పి చెయ్యి ఆడించండి. వేళ్లు చల్లబడినా, ఉబ్బినా వెంటనే తీసేయండి.

పర్లాకిమిడి టైలర్:

సిస్టర్ చెప్పింది కరెక్ట్. చెల్లెమ్మా, చంక కింద నుంచి మణికట్టుకి రెండు వేళ్ల పైదాకా పొడవు, మోచేతి దగ్గర చుట్టుకొలత, రెండూ టేపుతో కొలిచి ఇక్కడ రాయి. ఇప్పుడే కుట్టేయకు, ఆపరేషన్ తేదీ వచ్చేసరికి పిల్ల పెరిగిపోతుంది. తేదీ ఖాయమయ్యాక మళ్లీ కొలిచి పెట్టు, నేనే కుట్టి గుణుపురం పాసింజర్‌లో తెలిసినవాళ్ల చేత పంపిస్తాను. రంగు మాత్రం అడగొద్దు, ఏ లుంగీ దొరికితే అదే.