కొత్త ప్రింటర్ల మా వైఫై పేరే కనిపిస్తలేదు, ఎవరికన్న ఎరికుంటె చెప్పుండ్రి

సుబేదారి_జిరాక్స్:
అన్నలు, హన్మకొండల చిన్న జిరాక్స్ షాపు మాది. మొన్న వైఫై ప్రింటర్ తెచ్చిన, ఫోన్ల యాప్ ఏస్కొని కనెక్ట్ చేద్దామంటె లిస్టుల పక్క షాపోల్ల వైఫై వస్తుంది గని మాది వస్తలేదు. ఫోన్ల నెట్ మంచిగనే నడుస్తుంది. రెండు దినాలసంది ప్రింటర్ మీద నీలం లైటు కొట్టుకుంటనే ఉన్నది, హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలు వాపస్ పోతున్నరు.

కాజీపేట_అన్న:
వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నల్ల వస్తది, మీ రౌటర్ల 5 ఒక్కటే ఆన్ ఉన్నదేమో సూడు తమ్మి. చానా ప్రింటర్లు 2.4 మీదనే నడుస్తయి, ఫోన్‌కు రెండూ వస్తయి కాబట్టి మనకు సమజ్ కాదు. బ్రౌజర్ల 192.168.1.1 కొట్టు, కొన్నిటికి 192.168.0.1 ఉంటది, రౌటర్ కింద స్టిక్కర్ మీద రాసుంటది. లోపల 2.4 ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టు.

సుబేదారి_జిరాక్స్:
పేరు వచ్చిందన్న! కని పాస్‌వర్డ్ కరెక్టే కొట్టినా ఫెయిల్ అంటుంది.

నర్సంపేట_నెట్:
రౌటర్ల వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటె కొన్ని ప్రింటర్లకు అది నడ్వదు, దానికన్న పాతది డబ్ల్యూపీఏ2 చెయ్యి. పాస్‌వర్డ్ తీసేసి ఓపెన్ మాత్రం పెట్టకు, షాపుల అందరి ఆధార్ కాపీలు ఉంటయి. ఇంకోటి, సెటప్ అప్పుడు మొబైల్ డేటా బంద్ పెట్టు, సెటప్ కోసం ప్రింటర్ ఇచ్చే సొంత వైఫైల ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ దాన్ని ఇడిసిపెట్టి డేటా మీదికి పోతది, ఇది ఎరికలేక నాకు ఒక ఆదివారం మొత్తం పాయె.

కరీంనగర్_పోరడు:
గింత ఎందుకన్న, రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండ కలిపేది) బటన్ ఒత్తి రెండు నిమిషాలల్ల ప్రింటర్ల గూడ ఒత్తితె అయిపాయె.

నర్సంపేట_నెట్:
బటన్ ఉంటె మంచిదే, పని అయినంక రౌటర్ల డబ్ల్యూపీఎస్ బంద్ చెయ్యుండ్రి. దానికి పిన్ నంబర్ గూడ ఉంటది, అది పట్టుకొని వేరేటోళ్లు మన వైఫై లోపలికి జొరబడొచ్చు.

సుబేదారి_జిరాక్స్:
నిన్న డబ్ల్యూపీఏ2 పెట్టంగనే కనెక్టయింది, మస్తు ఖుషైన. ఇయ్యాల పొద్దుగాల కరెంటు పోయొచ్చినంక ల్యాప్‌టాప్‌ల ప్రింటర్ ఆఫ్‌లైన్ అని సూపెడుతుంది, నీలం లైటేమో నిలకడగనే ఉన్నది.

కాజీపేట_అన్న:
అంటె వైఫై పోలేదు, ప్రింటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల దాని నంబర్) మారింది. రౌటర్ మల్ల ఆన్ అయినప్పుడు వేరే నంబర్ ఇచ్చుంటది, ల్యాప్‌టాప్ పాత నంబర్‌కే పంపుతుంది. రౌటర్ల డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సెట్టింగ్) కాడికి పోయి అడ్రస్ రిజర్వేషన్ల ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (మిషన్‌కు కంపెనీ ఇచ్చిన నంబర్) ఏసి ఒక ఐపీ పక్కా చెయ్యి. మ్యాక్ ప్రింటర్ నెట్‌వర్క్ పేజీ తీస్తె దొరుకుతది.

సుబేదారి_జిరాక్స్:
192.168.1.50 పెట్టిన అన్న, ల్యాప్‌టాప్‌ల పాతది తీసేసి గదే ఐపీతోని మల్ల యాడ్ చేసిన. మెయిన్ బంద్ చేసి రెండు సార్లు సూసిన, రెండు సార్లూ ప్రింట్ వచ్చింది. పిల్లలకు ఫోన్ చేసి రమ్మంటున్న.