ముగ్గుర్ని కనమంటున్నారు సరే, పెంచేదెవరు?

గోదారిగట్టు:
ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994లో చట్టం చేసిందీ మన రాష్ట్రమే, 2024 నవంబరులో దాన్ని ఎత్తేసిందీ మన రాష్ట్రమే. ఇప్పుడు చంద్రబాబు గారు ఎక్కువమందిని కనండి అంటున్నారు. నాకైతే సబబే అనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, జనాభా ఉన్నచోట నిలబడాలంటేనే 2.1 కావాలి. ఇలాగే పోతే రేపు సంపాదించేవాళ్ళ కంటే పింఛను తీసుకునేవాళ్ళే ఎక్కువైపోతారు. మీరేమంటారు?

ఈఎంఐ_బతుకు:
హైదరాబాద్‌లో ఎల్‌కేజీ ఫీజు ఎంతో కనుక్కుని రండి అన్నా, తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల_మాస్టారు:
అంత కంగారు ఎందుకండీ? 1960లలో ప్రపంచ జనాభా ఏడాదికి 2 శాతం పెరిగేది, ఇప్పుడు 1 శాతం కూడా లేదు, నిజమే. అయినా 2022లో 800 కోట్లకు చేరాం, ఇంకా పెరుగుతూనే ఉన్నాం. ఎందుకంటే తలా ఒకరిద్దర్నే కన్నా, కనే వయసులో ఉన్నవాళ్ళే బోలెడుమంది. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం 2080ల నడుమ ప్రపంచ జనాభా 1,030 కోట్ల దగ్గర ఆగుతుంది. మన దేశం 2060లలో 170 కోట్ల దాకా వెళ్ళి అప్పుడు దిగుతుంది. దేశంలో జనానికి ఇప్పట్లో కొరతేం లేదు. మీరు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే బీహార్‌లో ఒక్కో స్త్రీకి సగటున 3.0 మంది పిల్లలు. అక్కడి కుర్రాళ్ళే కదా మన అపార్ట్‌మెంట్లు కడుతున్నది.

గోదారిగట్టు:
మాస్టారూ, నా టెన్షన్ అదే. లోక్‌సభ సీట్లు రాష్ట్రాలకు ఇప్పటికీ 1971 జనాభా లెక్కన ఉన్నాయి. ఆ లెక్క మార్చకుండా 1976లో ఆపారు, 2001లో ఆ ఆపుదలను మళ్ళీ పొడిగించారు, అది 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకానే. తర్వాత జనం లెక్కన పంచితే, చెప్పిన మాట విని పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాది నష్టపోదా? తమిళనాడులో స్టాలిన్ గారు చేసిన గొడవ కూడా ఇదేగా.

ఈఎంఐ_బతుకు:
సీట్ల కోసం పిల్లల్ని కనడమా! సీట్లు ఎలా పంచాలన్నది ఢిల్లీలో కూర్చుని తేల్చుకోవాల్సిన పని, దాన్ని మా బెడ్‌రూమ్‌లోకి తేకండి.

సబ్‌సెంటర్_అక్క:
నేను ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయ్యాను, కాస్త ఓపికగా వినండి. గోదారిగట్టు తమ్ముడు చెప్పిన సర్వేలోనే ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. ఆంధ్రలో పెళ్ళై 15-49 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డ జంటలు ఒక శాతం కూడా లేరు. గోడల మీద ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని రాసిన రోజుల్లో టార్గెట్లు మాకు, కోత ఆడపిల్లలకు. పద్దెనిమిదికి పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్, మా ఏరియాలో ఎక్కువమంది కథ ఇదే. నొప్పి తగ్గకుండానే కూలికి పోయినవాళ్ళను చూశాను. మగాళ్ళకు చిన్న కోతతో అయిపోతుందయ్యా అని చెప్తే, బరువులు ఎత్తలేమమ్మా అని తప్పించుకునేవాళ్ళు. ఇప్పుడు ‘ఇంకొకరిని కనండి’ అనేది ఎవరితో? వీళ్ళతో కాదు, వీళ్ళ కూతుళ్ళతో. ఆ కూతుళ్ళేమో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు, బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియక ఒక్కరితో ఆపేస్తున్నారు.

లెక్కల_మాస్టారు:
అక్కా, బాగా చెప్పారు. డబ్బిస్తే కంటారు అనుకునేవాళ్ళు దక్షిణ కొరియాను చూడాలి. 2006 నుంచి కుప్పలుగా ఖర్చు పెడుతున్నా ఒక్కో స్త్రీకి సగటు పిల్లల లెక్క 2023కి 0.72కు పడిపోయింది, 2024లో 0.75 అయితే అదే పెద్ద వార్త. హంగరీలో నలుగుర్ని కన్న తల్లికి జీవితాంతం ఆదాయపు పన్ను లేదన్నారు. రేటు కొన్నాళ్ళు 1.6 దాకా లేచింది, మళ్ళీ 1.4 కిందకి దిగింది.

గోదారిగట్టు:
అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా? పల్లెల్లో ముసలాళ్ళు ఇళ్ళకు కాపలా ఉంటున్నారు, పిల్లలేమో బెంగళూరులోనో డల్లాస్‌లోనో.

ఈఎంఐ_బతుకు:
ఆ ముసలాళ్ళకు మూడో కొడుకు ఉన్నా వాడూ డల్లాసే పోయేవాడన్నా.

సబ్‌సెంటర్_అక్క:
కూర్చోమని ఎవరన్నారు తమ్ముడూ. అంగన్‌వాడీ మధ్యాహ్నానికి మూసేయకుండా తల్లి డ్యూటీ దిగేదాకా నడపమను, నాన్నలకు కూడా నెలో రెండు నెలలో సెలవు ఇమ్మను. అప్పుడు రెండో బిడ్డ సంగతి ఆలోచిస్తారేమో చూద్దాం. మూడో బిడ్డ మాట తర్వాత.