1861లో విముక్తి పొందిన రష్యన్ రైతు 1917లో ఎందుకు తిరగబడ్డాడు?

ప్రశ్న: రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ 1861లోనే అర్ధబానిసత్వాన్ని, అంటే రైతులను భూస్వామి నేలకు కట్టిపడేసిన పద్ధతిని, రద్దు చేశాడు కదా; అయినా 1917 నాటికి పల్లెల్లో భూమి సమస్య ఎందుకు తీరలేదో వివరించగలరా?

జవాబు: ఆ చట్టం రైతుకు స్వేచ్ఛనిచ్చింది గాని భూమిని ఉచితంగా ఇవ్వలేదు. భూస్వాములకు చెందవలసిన పరిహారంలో అధిక భాగాన్ని ప్రభుత్వమే ముందుగా చెల్లించి, దానిని రైతుల నుంచి 49 ఏళ్ల వాయిదాలలో వడ్డీతో సహా వసూలు చేసుకునే ఏర్పాటు చేసింది. పైగా చాలాచోట్ల అంతవరకు సాగుచేసుకుంటున్న పొలంలో కొంత భాగాన్ని దొరలకు వదులుకోవలసి వచ్చింది. తరతరాలుగా దున్నిన నేలకే వెల చెల్లించమనడం వారికి ఘోరమైన అన్యాయంగా తోచింది. నా దృష్టిలో అసలు గాయం ఇదే.

మరొక జవాబు: 'మీర్' అనే గ్రామ సమష్టిని మరచిపోకూడదు. బాకీకి ఊరంతా ఉమ్మడి పూచీ కనుక, పని కోసం పట్నం వెళ్లాలన్నా దాని అనుమతి కావలసి వచ్చేది. 1905 తిరుగుబాటు తరువాత గాని వాయిదాలు రద్దు కాలేదు. అవి 1907లో పూర్తిగా ఆగిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: అయితే భూస్వాముల యాజమాన్యాన్ని రద్దు చేసిన 1917 నాటి భూమి డిక్రీ (ప్రభుత్వ శాసనం), లెనిన్ నాయకత్వంలోని విప్లవ పార్టీ అయిన బోల్షెవిక్కుల సొంత ఆలోచన కాదా?

జవాబు: పూర్తిగా కాదు. లెనిన్ ప్రవేశపెట్టిన ఆ డిక్రీలో 242 స్థానిక రైతు విజ్ఞాపనల నుంచి కూర్చిన కోర్కెలే చేరాయి; భూముల ఆక్రమణలు అంతకుముందే, ఆ వేసవిలోనే, అనేక జిల్లాలలో సాగుతున్నాయి.