కోల్డ్ ఫార్మ్డ్ ట్యూబులకు స్ట్రెస్ రిలీవింగ్ తప్పనిసరా?

బాలానగర్ వర్క్‌షాప్:
నిన్న 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న వెల్డెడ్ స్టీల్ ట్యూబును పొడవునా చీల్చాం. బ్లేడు చివరికి వచ్చేసరికి చీలిక దానంతటదే విచ్చుకుంది. వెర్నియర్ పెట్టి చూస్తే వ్యాసం 50.5. సరుకు వెనక్కి పంపేద్దామని మా కుర్రాళ్లంటున్నారు. దీన్ని షెడ్డు స్తంభాలకు వాడొచ్చా? మిల్లులోనే స్ట్రెస్ రిలీవింగ్ (వేడి చేసి లోపల మిగిలిన ఒత్తిడి తగ్గించడం) చేయించి ఇమ్మని పట్టుబట్టాలా?

స్ట్రక్చరల్ డిజైనర్:
నిక్షేపంగా వాడొచ్చన్నా. కోల్డ్ ఫార్మ్డ్ అంటే స్టీలు పట్టీని రోలర్ల మధ్య చల్లగానే వంచి, అంచులు కలిపి వెల్డ్ చేస్తారు. పట్టీ విచ్చుకోవాలని చూస్తుంది, అతుకు బిగించి పట్టుకుంటుంది. అందుకే పైపొర లాగుడులో, లోపలి పొర నొక్కుడులో ఉంటాయి. మీ కొలతే తీసుకోండి: 1/50లోంచి 1/50.5 తీసేసి, దాన్ని స్టీలు స్థితిస్థాపక గుణకం (ఎంత ఒత్తిడికి ఎంత సాగుతుందో చెప్పే సంఖ్య) 2,00,000తోనూ మందం 2తోనూ గుణిస్తే 79 వస్తుంది. అంటే లోపల దాగిన ఆ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 న్యూటన్లు. యీల్డ్ (స్టీలు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 240 ఉన్న గ్రేడు అయితే అందులో మూడో వంతు! అయినా ఇది సరుకులో లోపం కాదు, తయారీలోనే వచ్చేది. స్టీలు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 (2007) ఇలాంటి ఒత్తిళ్లను దృష్టిలో పెట్టుకునే, స్తంభాల బక్లింగ్‌కి (బరువుకి పక్కకి వంగిపోవడానికి) హాట్ రోల్డ్, అంటే వేడిగా ఉండగానే తయారైన గొట్టాలకు 'ఎ' కర్వ్ (బలం లెక్కగట్టే రేఖ), కోల్డ్ ఫార్మ్డ్‌కి దానికంటే తక్కువ బలమిచ్చే 'బి' కర్వ్ పెట్టింది. పైగా చల్లగా వంచినందుకు పెరిగిన బలం నార్మలైజింగ్ (ఇంకా ఎక్కువ వేడి చేసి గాలిలో చల్లార్చడం) దాకా వెళ్తే పోతుంది. డబ్బిచ్చి బలం పోగొట్టుకోవడమెందుకు?

ట్యూబ్ మిల్లు క్వాలిటీ:
పెయింటు వేసే స్తంభాల వరకు సరే. "ఎక్కడా అక్కర్లేదు" అంటే మాత్రం ఒప్పుకోను. బ్రిటిష్ కాలంలో మన దేశంలో సైన్యం దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో ఎవరూ ముట్టుకోకుండానే పగిలేవి. దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు. చల్లగా సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన లాగుడుకి తేమ, గుర్రపుశాలల అమ్మోనియా తోడయ్యాయి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ ఆ కారణాన్ని వివరించారు. మందు ఏమిటంటే, తక్కువ వేడి మీద అనీలింగ్, అంటే వేడి చేసి ఆ లాగుడు తగ్గించడం.
స్టీలుకీ ఇలాంటి గండం ఉంది. గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) నుంచి వచ్చిన చదరపు ట్యూబు ఒకటి నా చేతికొచ్చింది. మూలలో వెంట్రుకంత గీత, గోటికి తగిలేంత. అది పగులే.

బాలానగర్ వర్క్‌షాప్:
జింకు తొట్టిలో 450 డిగ్రీలు ఉంటుంది కదా సార్, ఆ వేడికే ఒత్తిడి పోదా?

ట్యూబ్ మిల్లు క్వాలిటీ:
పోయేలోపే పగులు రావచ్చు. కరిగిన జింకు, లాగుడులో ఉన్న మూలలోకి రేణువుల సందుల వెంట చొచ్చుకుపోతుంది. అందుకే తొట్టిలో ముంచకముందే స్ట్రెస్ రిలీవింగ్ చేయించాలి. మూల వంపు మరీ బిగుతుగా లేని ట్యూబు అడిగి తీసుకోండి.

స్ట్రక్చరల్ డిజైనర్:
గాల్వనైజింగ్, అమ్మోనియా ఉన్నచోట మీ మాటే సరి. పెయింటు షెడ్డు డ్రాయింగులో మాత్రం ఆ ఖర్చు రాయను.

బాలానగర్ వర్క్‌షాప్:
మా షెడ్డు పెయింటుదే, సరుకు ఉంచేస్తున్నాం. గేటు చదరపు ట్యూబులు మాత్రం సోమవారం గాల్వనైజింగ్‌కి పోవాలి. వాటిని ఆపమని ఇప్పుడే ఫోన్ చేశాను.