రాత్రి రెండర్ (వీడియో ఎక్స్‌పోర్ట్) పెడితే తెల్లారేసరికి సిస్టమ్ రీస్టార్ట్ అయి ఉంటోంది, ఆపేదెలా?

అరండల్‌పేట మిక్సింగ్:
విండోస్ 11 ప్రో, 32 జీబీ ర్యామ్. పెళ్లి వీడియోలు ఫోర్‌కేలో ఎక్స్‌పోర్ట్ పెట్టి రాత్రి షాపు మూసేస్తాం. పొద్దున చూస్తే లాగిన్ స్క్రీన్. ఎంపీ4 ఫైలు కనపడుతుంది గానీ ప్లే కాదు. యాక్టివ్ అవర్స్ (విండోస్ తనంతట రీస్టార్ట్ చేయకూడని గంటలు) ఆటోమేటిక్‌లో ఉంది. అప్‌డేట్లు మొత్తానికి ఆపేయాలని కాదు, రీస్టార్ట్ మాత్రం మేం చెప్పినప్పుడే అవ్వాలి.

బెజవాడ హార్డ్‌వేర్:
ముందు అది అప్‌డేటో కరెంటో తేల్చుకోండి, గుంటూరులో రెండూ ఉంటాయి. ఈవెంట్ వ్యూయర్ (సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసి ఉండే చోటు) తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. ఆ రాత్రి టైములో 1074 నంబరు ఉంటే ఏదో ప్రోగ్రామ్ అడిగి మరీ రీస్టార్ట్ చేసినట్టు, దాని పేరు కింద ఉంటుంది. 1074 లేకుండా 41, 6008 మాత్రమే ఉంటే సిస్టమ్ ఉన్నపళంగా ఆగిపోయినట్టు, ఎక్కువగా కరెంటే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెటప్) ‘కరెంటు వస్తే ఆన్’ సెట్టింగ్ ఉంటే దానంతటదే లేచి లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగుతుంది, చూడ్డానికి అప్‌డేట్ లాగే ఉంటుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఫుల్ లోడ్‌లో ఉంటే అది మోయదు.

కొత్తపేట డీటీపీ:
ఇంత దేనికన్నా, సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని డిజేబుల్ చేస్తే గొడవే ఉండదు.

బెజవాడ హార్డ్‌వేర్:
అది నిలవదు తమ్ముడూ. అప్‌డేట్ మెడిక్ అని ఇంకో సర్వీసు ఉంది, దాని పనే పాడైన అప్‌డేట్ సర్వీసుని బాగుచేయడం. నిలిచినా మంచిది కాదు. 2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. దానికి ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చేసింది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు రోజంతా గుచ్చే షాపులో ప్యాచ్‌లు లేకుండా ఎలా?

అరండల్‌పేట మిక్సింగ్:
చూశా సార్. 1074 ఉంది, మోయూసో కోర్ వర్కర్ అని రాసి ఉంది. టైము తెల్లవారుజామున మూడు దాటాక.

బెజవాడ హార్డ్‌వేర్:
అది విండోస్ అప్‌డేట్ నడిపే ప్రోగ్రామే, అయితే అప్‌డేటే. అసలు తప్పు ఆ ‘ఆటోమేటిక్’ దగ్గర ఉంది. మనిషి సిస్టమ్ వాడే గంటలు చూసి విండోసే టైము వేసుకుంటుంది. రాత్రి రెండర్ నడుస్తున్నా మౌస్ కదలదు కదా, ఖాళీగా ఉందనుకుంటుంది.

సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి యాక్టివ్ అవర్స్‌ని మాన్యువల్ చేసి సాయంత్రం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు పెట్టండి. 18 గంటలే గరిష్ఠం. అదే పేజీలో ‘గెట్ మీ అప్ టు డేట్’ ఆఫ్‌లో ఉండాలి. ఆన్ అయితే యాక్టివ్ అవర్స్‌ని కూడా లెక్కచేయదు.

ప్రో కాబట్టి గ్రూప్ పాలసీ (విండోస్ ఎలా నడవాలో నియమాలు పెట్టే టూల్) కూడా వాడుకోండి (హోమ్‌లో ఇది రాదు). కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్, మేనేజ్ ఎండ్ యూజర్ ఎక్స్‌పీరియన్స్. అందులో ‘కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్’ ఎనేబుల్ చేసి 2 ఎంచుకోండి. మీరు డౌన్‌లోడ్ నొక్కేదాకా ఏదీ దిగదు. నొక్కాక ఇన్‌స్టాల్ దానంతటదే అవుతుంది, కాబట్టి రెండర్ పెట్టే ముందు మాత్రం నొక్కకండి.

బ్రాడీపేట అడ్మిన్:
‘లాగిన్ అయి ఉంటే రీస్టార్ట్ వద్దు’ అనే పాలసీ అదే విండోస్ అప్‌డేట్ కింద లెగసీ పాలసీస్‌లో ఉంది, చాలామంది అదొక్కటే పెట్టి పని చేయలేదంటారు. పైన చెప్పిన ‘కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్’లో 4 (దానంతటదే డౌన్‌లోడ్ అయి, పెట్టిన టైముకి ఇన్‌స్టాల్) ఎంచుకుంటేనే అది పనిచేస్తుంది. అప్పుడు కూడా సైన్ అవుట్ కాకూడదు, విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ మాత్రమే చేయాలి.

ఇంకోటి, నెలవారీ ప్యాచ్‌లు అమెరికాలో రెండో మంగళవారం వస్తాయి, మనకి ఆ రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. బుధవారం మధ్యాహ్నం డౌన్‌లోడ్ చేసి రీస్టార్ట్ కొట్టేస్తే ఆ నెలకి పెద్ద అప్‌డేట్ పని అయిపోయినట్టే. ముహూర్తాల్లో తీరిక లేకపోతే పాజ్ 5 వారాల దాకా ఉంది.

ఫైలు ప్లే కాకపోవడానికి కారణం వేరే. ఎంపీ4 ఇండెక్స్ (ఫైల్లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) మామూలుగా చివర్లో రాస్తారు, మధ్యలో ఆగితే అది ఉండదు. మూడు గంటల వీడియోని 20 నిమిషాల ముక్కలుగా క్యూలో పెట్టండి, ఏది ఆగినా ఆ ముక్కే పోతుంది.