పాత బ్రిటిష్ నాణేలు వేలానికివ్వాలా, డీలర్‌కివ్వాలా?

నమస్కారమండీ. లండన్‌లో స్థిరపడిన మా పెదనాన్నగారు జీవితమంతా పోగుచేసిన నాణేలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. అమ్మక తప్పడం లేదు, కానీ వెండి తూకానికి పోతాయంటే మనసొప్పడం లేదు.

ఎక్కువగా షిల్లింగులు, హాఫ్ క్రౌన్‌లు. 1920కి ముందువైతే 92.5 శాతం వెండి, ఆ తర్వాత 1946 దాకా సగమే. వాటిలో 1887 నాటి విక్టోరియా క్రౌన్ నాణెం ఒకటుంది. వెనకవైపు గుర్రం మీద సెయింట్ జార్జ్, గిట్టల కింద డ్రాగన్, చేతిలో కత్తి కూడా అరగలేదు. నల్లబడినా తోమలేదు, తోమితే విలువ పోతుంది. ఒక డీలర్ దాన్నీ మిగతావాటితో కలిపి త్రాసులో వేయబోయాడు!

మంచివి స్పింక్ లాంటి వేలం సంస్థకిచ్చి, అరిగినవి డీలర్‌కి అమ్మేయనా? లేక మొత్తం ఒకేచోట ఇవ్వడం మేలా? కమీషన్, బీమా పోగా చేతికి ఏమాత్రం మిగులుతుందో అనుభవమున్నవాళ్లు చెప్పండి. పెదనాన్నగారు చేత్తో రాసిపెట్టిన చీటీలు కూడా నాణేలతోపాటే ఇచ్చేయాలా?