పాత పిన్‌బాల్ మెషీన్ అసలు మోడల్ ఎలా కనిపెట్టాలి?

చికాగో దగ్గర ఓ గరాజ్ సేల్‌లో పాత పిన్‌బాల్ మెషీన్ (నాణెం వేసి, వాలు బల్ల మీద బంతిని దొర్లించి ఆడేది) కొన్నాను. బంతిని కొట్టే చిన్న చేతుల్లాంటి ఫ్లిప్పర్లు లేవు (అవి వచ్చింది 1947లో కదా). వెనక అద్దం మీద యుద్ధ విమానాల బొమ్మలున్నాయి. 1942లో అమెరికా ప్రభుత్వం లోహాలను యుద్ధానికి మళ్లించి కొత్త మెషీన్ల తయారీ ఆపించింది. అప్పుడు పాతవాటికే అద్దం, బొమ్మలు మార్చి కొత్త పేరుతో అమ్మేవారు. నాదీ అలాంటిదేనని అనుమానం. బంపర్ల (బంతి తగిలే అడ్డుల) కింద వేరే రంగు కనిపిస్తోంది, చెక్క పెట్టె లోపల పెన్సిల్‌తో ఏదో అంకె వేసి ఉంది. ఆ అంకెతో అసలు మోడల్ తెలుస్తుందా?

లోపల 1943 నాటి ఐదు సెంట్ల నాణెం కూడా దొరికింది. అమెరికాలో ఆ నాణేన్ని నికెల్ అంటారు, కానీ పేరుకే నికెల్, ఇందులో నికెల్ లోహమే లేదు! రాగి, వెండి, మాంగనీస్ కలిపి, నాణెం వేసే మెషీన్లు తిప్పికొట్టకుండా చేశారు.

పై రంగు గీకి చూడాలంటే టెన్షన్‌గా ఉంది. ముందు ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.